పిట్టగోడ లేని వంతెన

“పడిపోతుంది. పిట్టగోడ కూడా లేదు. జారితే పట్టుకోడానికి ఏముందక్కడ?”

లెబర్ట్ ఈ మాట ఇంట్లో అన్నాడు, కారులో అన్నాడు, వంతెన కనబడగానే మళ్ళీ అన్నాడు. వెనక సీట్లో మనవరాలి రిబ్బను సరిచేస్తున్న అత్తగారు మిస్ ఐవీకి విసుగొచ్చింది.

“మా అమ్మ దాటింది, నేను దాటాను, నీ పెళ్ళాం దాటింది. నీ కూతురొక్కతే గాజుబొమ్మా అబ్బాయీ?”

లెబర్ట్ ఫిజిక్స్ చదివి కింగ్‌స్టన్‌లో ఒక కాలేజీ ల్యాబు చూసుకుంటున్నాడు. షానీల్ పుట్టిన దగ్గర్నుంచీ అతని కంటికి మంచం, మెట్టు, కిటికీ అన్నీ ఎత్తులే. ఏది చూసినా అక్కణ్ణుంచి పడితే ఎంత వేగంతో నేలను తాకుతుందో లెక్క మొదలవుతుంది.

ఆ ఏటి ఒడ్డు జనానికి ఒక ఆచారం ఉంది. బడిలో వేసేముందు బిడ్డను పాత రాతి వంతెన మీద నడిపించాలి. బానిసలు రాళ్ళు మోసి కట్టిన వంతెన అది. కడుతూ ఏట్లో పోయినవాళ్ళు ఇంకా కమానుల కిందే ఉన్నారనీ, దాటే పసివాళ్ళ ప్రాణాన్ని తోడుకోసం ఆపేసుకుంటారనీ నమ్మకం. అందుకని బిడ్డ అవతలి గట్టు తొక్కాక వెనకనుంచి పెద్దవాళ్ళొకరు పేరు పెట్టి పిలుస్తారు. పిలుపు విని ప్రాణం బిడ్డ వెంట నడుస్తుంది. పిలవడం మాత్రం గట్టు తొక్కాకే.

ఆ నియమం తప్పిన మనిషి వంతెన మొదట్లో బొగ్గుల మీద సీమపనస కాయలు కాలుస్తూ కూర్చుంది. పేరు మిస్ జెల్మా. షానీల్‌ని ఎగాదిగా చూసి, “ఇది నడిచే రకం కాదు, పందిపిల్లలా దూకే రకం. గట్టిగా పట్టుకో,” అంది. మిస్ ఐవీ మొహం తిప్పుకుంది.

జెల్మా వయసులో ఉన్నప్పుడు చెరకు తోట దొరగారింట్లో బట్టలుతికేది. కొడుకు ఎవ్రల్. వాడి తండ్రి ఎవరో ఊరందరికీ తెలుసు, ఆ తండ్రికి తప్ప. తండ్రి లేని పిల్లవాడు మర్యాద లేనివాడయ్యాడని అనిపించుకోకూడదని ఆమె పంతం. ఒక ఆదివారం చర్చి ఆవరణలో పిలిస్తే వాడు మొహం తిప్పకుండానే పలికాడు. అందరి ముందూ బెల్టు తీసింది. “పిలిస్తే ఆగాలి, తిరగాలి, నా మొహం చూసి పలకాలి.” చూసినవాళ్ళు పెంపకమంటే అదీ అని మెచ్చుకున్నారు. వీపు మీద ఆ వాతలు మానకముందే వాణ్ణి వంతెన దాటించారు.

వాడు నడిమికి చేరాడో లేదో, ఎదురుగా చెరకు లారీ వంతెన ఎక్కింది. జెల్మాకు కాళ్ళు ఆడలేదు, నోరు ఆడింది, పేరు పెట్టి పిలిచింది. ఎవ్రల్ ఆగాడు. నేర్పినట్టే ఒళ్ళంతా తిప్పి, అమ్మ మొహం చూసి పలకబోయాడు. తిరగడానికి వెనక్కి వేసిన అడుగు కింద రాయి లేదు.

ఏటికి పేరు చెప్పి మరీ అప్పజెప్పిందన్నారు ఊళ్ళో. పెంపకాన్ని మెచ్చుకున్నవాళ్ళే ముందుగా అన్నారు. తర్వాత పిల్లలు ఒక ఆట కనిపెట్టారు. జెల్మా వంతెన మీద నడుస్తుంటే చాటునుంచి “ఎవ్రల్!” అని కేకేసేవాళ్ళు. ఆమె ప్రతిసారీ ఆగి వెనక్కి తిరిగేది. ఆ పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. వాళ్ళలో గారిక్ అనేవాడు ఓడల్లో వచ్చే పర్యాటకులకు వంతెన చూపించే పనిలో చేరి, ఆటను కూడా వెంట తెచ్చుకున్నాడు.

లెబర్ట్ కూతురి చెయ్యి పట్టుకుని నడిమికి వచ్చేసరికి గారిక్ గుంపు అక్కడే ఉంది. వాళ్ళకు అమ్మడానికి జెల్మా తట్ట నెత్తిన పెట్టుకుని లెబర్ట్‌ని దాటి నాలుగడుగులు ముందుకు వెళ్ళింది. మిస్ ఐవీ ఇవతలి గట్టునే నిలబడి ఉంది, పిలవడానికి.

“ఎవ్రల్!” అన్నాడు గారిక్ గొంతు మార్చి.

జెల్మా ఆగి వెనక్కి తిరిగింది. గుంపు నవ్వింది, ఫోన్లు లేచాయి. లెబర్ట్ కూడా అటే చూశాడు. అంతలో చేతిలో కూతురి వేళ్ళు లేవు. షానీల్ అంచున గొంతుక్కూర్చుని, మెడ ముందుకు చాచి నీళ్ళు చూస్తోంది.

“షా—”

మాట పూర్తి కాలేదు. తట్ట కిందపడ్డ చప్పుడు, నోటి మీద ఉప్పూ పొగా వాసనతో ఒక చెయ్యి.

“ముయ్యి,” అంది జెల్మా గుసగుసగా.

పరుగెత్తకుండా, చప్పుడు చెయ్యకుండా నడిచి, పిల్ల జడ దొరకబుచ్చుకుని వెనక్కి లాగింది. లాగి చెంప మీద ఒకటి వేసింది. షానీల్ గుక్కపట్టింది.

మిస్ ఐవీ రొప్పుతూ వచ్చింది. “నా మనవరాలి మీద చెయ్యేస్తావా? కన్నకొడుకుని చంపుకున్న చెయ్యి!”

“చెయ్యి కాదు ఐవీ,” అంది జెల్మా. “నోరు.”

గారిక్‌కి ఆలస్యమవుతోంది. ఫోటో సరిగా రాలేదని ఎవరో అన్నారు. మళ్ళీ పిలిచాడు. ఆమె మళ్ళీ తిరిగింది. ఈసారి ఫోటో బాగా వచ్చింది.

ఒక చంకలో కూతుర్ని బిగించుకుని లెబర్ట్ రెండో చేత్తో చెల్లాచెదురైన సీమపనస ముక్కలు ఏరిచ్చాడు. వాళ్ళు నవ్వుకోడానికే పిలుస్తున్నారు కదా, ఎందుకు తిరుగుతారని అడిగాడు.

“పిలిస్తే తిరగాలని వాడికి బెల్టుతో నేర్పాను. నేను తిరక్కపోతే ఎలా?”

లెబర్ట్ పిల్లను దించకుండానే అవతలి గట్టు చేరాడు. మిస్ ఐవీ వెనక్కి వెళ్ళి ఇవతలి గట్టునుంచి పిలిచింది గానీ, ఆయాసంతో ఆ పేరు సగం దూరం కూడా రాలేదు.

ఇప్పుడు లెబర్ట్ ఇంట్లో కేకలుండవు. షానీల్ స్టూలెక్కినా, మెట్ల చివర నిలబడినా పళ్ళు బిగించి లేచి నడుస్తాడు. ఆ రోజు జెల్మా తట్ట ఎత్తుకుంటూ, మసి వేలితో అతని పెదవుల మీద కొట్టి ఒక మాట చెప్పింది:

“బిడ్డ అంచున ఉంటే పిలవకు. వెళ్ళి పట్టుకో.”