నయాపూల్ పికెట్, దవడ పన్ను

ఇది జరిగి తొమ్మిదేళ్ళయింది. అప్పుడే రాయాల్సింది. రాయలేదు, ఎందుకంటే అప్పుడు నాకు అక్షరాలు రావు. నలభై రెండో ఏట నేర్చుకున్న. మాదన్నపేట మార్కెట్ వెనక చర్చి హాల్లో ఆదివారం మధ్యాహ్నం ఆడవాళ్ళకు చదువు చెప్పేవాళ్ళు. అక్షరాలు పట్టుబడేసరికి ఒక వానాకాలం పోయింది. వాక్యం రాసేసరికి ఇంకో రెండు పోయినయి. ఇప్పుడు మోకాళ్ళు సహకరించక డ్యూటీ వదిలేసిన. ఇంట్లో కూర్చొని రాస్తున్న.

నేను హోంగార్డుగా పనిచేసిన. మా ఆయనది కూడా అదే పని. డ్యూటీకి పోతూ రోడ్డు మీద చనిపోయిండు. ఆయన జాగాలో నన్ను తీసుకున్నరు. తీసుకునే రోజు ఆఫీసులో పెద్దసారు "చదువొచ్చునా?" అని అడిగిండు. తల ఊపిన. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు, అత్తమ్మ. ఊపకపోతే ఏమయ్యేదో నాకు తెలుసు. ఆ తర్వాత ఆరేళ్ళు ఎవరికీ తెలియనియ్యలేదు.

బందోబస్తును మీరు బారికేడు ఇవతలి నుంచి చూస్తరు. అవతల నేను ఎనిమిది రోజులు ఎట్ల నిలబడ్డనో చెప్త.

వినాయక చవితి మరునాడు పొద్దున ఆరున్నరకు నయాపూల్ చేరిన. సన్నటి వాన. కింద మూసీ నల్లగా, నిండుగా పోతున్నది. వంతెన దాటి చార్మినార్ వైపు పోయే రోడ్డుకు అడ్డంగా ఇనుప బారికేడ్లు పెట్టిన్రు. వాటి మధ్య రెండు గేట్లు. ఒకటి మగవాళ్ళకు, రెండోది ఆడవాళ్ళకు. పక్కన నీలం టార్పాలిన్ టెంటు. టెంటులో నాలుగు కుర్చీలు, ఒక బల్ల, ఒక మంచినీళ్ళ క్యాన్.

నాకు ఇచ్చిన సామాను ఇది. లాఠీ, విజిల్, చేతిలో పట్టుకునే మెటల్ డిటెక్టర్, మాట్లాడే సెట్ ఒకటి. రెయిన్‌కోటు మా ఆయనది, మోకాళ్ళ కిందికి వస్తది.

పికెట్‌కు పెద్ద ఒక ఏఎస్ఐ. టెంటు ముందు నిలబెట్టి ఆర్డర్ చదివి వినిపించిండు.

"పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది. పదకొండు రోజులు. సెలవు అడగొద్దు. కింద పడ్డోళ్ళ జాగాలో వేరేటోళ్ళను తెచ్చుకుంట. పడ్డోళ్ళు మళ్ళ నా దగ్గరికి రావద్దు. వాళ్ళ పేరు ఆఫీసుకు రాసి పంపుత."

ఆ మాట అందరికీ చెప్పిండు. నాకు ఒక్కదానికే చెప్పినట్టు వినపడ్డది.

ఎందుకంటే ఆ పొద్దునే నొప్పి మొదలైంది. కింది దవడ, ఎడమ వైపు, అన్ని పండ్ల వెనక. నాలుకతో తడిమితే చిగురు మూతలాగ తగిలింది. మూత కింద పన్ను మొన. ముప్పై ఆరేళ్ళకు కొత్త పన్ను వస్తదని నాకు తెలియదు.

ఆడవాళ్ళ గేటు దగ్గర నాతో ఇంకొక హోంగార్డు ఉండేది. నాకంటే పదేళ్ళు పెద్దది. అందరం అక్క అనేవాళ్ళం.

"లవంగం పెట్టు చెల్లె," అన్నది. "మాట్లాడకు. నువ్వు మాట్లాడకుంటే నాక్కూడ నిమ్మలం."

లవంగం పెట్టిన. ఉప్పునీళ్ళు పుక్కిలించిన. సాయంత్రానికి నోరు పాడువాసన వచ్చింది.

రెండో రోజు మధ్యాహ్నం తిండికి అరగంట ఇచ్చిన్రు. తినలేదు. మదీనా వైపు సందులో ఉన్న మెడికల్ షాపుకు పోయిన. కౌంటరు ముందు పది మంది. షాపాయన నా దవడ దిక్కు చూసి నవ్విండు.

"అకల్ దాడ్ హై అమ్మా, జ్ఞానదంతం. అందరికీ తిప్పలే. దవాఖానకు పోయి చూపించు."

"డ్యూటీ ఉంది భాయ్. మందియ్యి."

ఎర్ర క్యాప్సూళ్ళు ఒక కవర్లో, తెల్ల గోలీలు ఒక కవర్లో వేసిండు. కవర్ల మీద పెన్నుతో రాసిండు. అప్పటికే వెనకున్నోళ్ళు చేతులు చాపుతున్నరు.

"రాసిన చూడు. చదువుకుంటవు కద, పోలీసమ్మవు."

తల ఊపిన.

ఒంటి మీద ఖాకీ. వెనక పది మంది. చీరలో ఉంటే అడిగేదాన్నేమో. ఖాకీలో అడగలేదు.

నాకు అంకెలు వచ్చు, బస్సు నంబర్లు చూసి ఎక్కుత. ఆ కవర్ల మీద అంకెలు లేవు, అన్నీ మాటలే. ఒకదాని మీద రాత పొడుగు, ఒకదాని మీద పొట్టి. మూడో రోజు పొద్దున నా సొంత తెలివితో పరీక్ష చేసిన. ముందు ఎర్రది ఒక్కటి మింగిన. రెండు గంటలు చూసిన. ఏమీ తగ్గలేదు. తెల్లది మింగిన. అరగంటలో నొప్పి దిగింది. తెల్లదే అసలు మందు, ఎర్రది మరీ భరించలేనప్పటిది అనుకున్న. తెల్లది మూడు పూటలు వేసుకున్న. ఎర్రది దాచిపెట్టిన.

నాలుగో రోజు బాగనే నిలబడ్డ. రద్దీ ఎక్కువ. ఆడవాళ్ళు, చేతి సంచులు, చంకలో పిల్లలు, గాజుల మూటలు. ఒక్కొక్కరిని ఆపి డిటెక్టర్ తిప్పాలె. "అమ్మా, సంచి తెరువు. ఖాలా, జర రుకో." నా ఉద్యోగమంతా నోటితోనే. ఎవరన్న పాసు చూపిస్తే ఫోటో చూసేదాన్ని. రాత గురించి అనుమానం వస్తే "ఏమని ఉంది ఇండ్ల, గట్టిగ చదువు" అని దబాయించేదాన్ని. వాళ్ళు భయపడి చదివేవాళ్ళు. అట్ల ఆరేళ్ళు గడిపిన.

ఐదో రోజు నోరు సగమే తెరుచుకున్నది. ముందు మూడు వేళ్ళు పట్టేది, ఆ రోజు ఒకటిన్నర. అన్నం ముద్ద పట్టలేదు. అక్క చాయ్‌లో బన్ను ముక్క నానబెట్టి ఇచ్చింది. దాన్ని నమలకుండ మింగిన. ఏఎస్ఐ గేటు దగ్గరికి వచ్చి నా చెంప చూసిండు.

"ఏందమ్మా, నోట్ల పాన్ పెట్టినవా? డ్యూటీల పాన్ బంద్. ఉమ్మిరా పో."

"పాన్ కాదు సార్, పన్ను," అన్నది అక్క.

"ఏ పన్నైతే ఏంది? పన్ను నిలబడుతదా గేటు కాడ, ఆమె నిలబడుతది."

నిలబడ్డ.

ఆరో రోజు జ్వరం. పొద్దంతా వాన పడ్డది. రెయిన్‌కోటు లోపల చెమట, బయట చలి. విజిల్ ఊదబోతే పెదవులు కలవలేదు, గాలి పక్కనుంచి పోయింది. అక్క చాయ్ బండి పొయ్యి మీద గుడ్డ వేడి చేసి చెంపకు కాపడం పెట్టింది. హాయి అనిపించింది. గంటకోసారి పెట్టించుకున్న. అట్ల పైనుంచి వేడి పెట్టొద్దని, ఉప్పునీళ్ళు లోపల పుక్కిలించాలని తర్వాత దవాఖానలో డాక్టరమ్మ చెప్పింది.

"చెప్పుదమే సార్‌కు," అన్నది అక్క. "ముఖం చూడు, సొరకాయ అయింది."

చేయి అడ్డం ఊపిన. పేరు ఆఫీసుకు పోతే ఫైలు తీస్తరు. ఫైలు తీస్తే కూర్చోబెట్టి ఏదో ఒకటి చదివిస్తరు. నా బుర్రలో అదే తిరిగేది. పెద్దపిల్ల తొమ్మిదో తరగతి, చిన్నది ఆరు. ఇంట్లో వాళ్ళకు కూడ తెల్వదు తల్లికి చదువు రాదని. వాళ్ళ పుస్తకాలు పట్టుకుని పేజీలు తిప్పేదాన్ని, చూస్తున్నట్టు.

ఏడో రోజు తెల్ల గోలీలు అయిపోయినయి. నొప్పి చెవిలోకి, మెడలోకి దిగింది. దవడ కింద గట్టిగా, రాయిలాగ. ఉమ్మి మింగితే గొంతులో కత్తి తిప్పినట్టు. దస్తీలోకి ఉమ్మిన, నాలుగు దస్తీలు మార్చిన. ఎర్రవి తీసి ఒకటి నోటి దగ్గర పెట్టుకున్న. క్యాప్సూల్ లావు. దిగదని భయమైంది. మళ్ళ కవర్లో వేసి రెయిన్‌కోటు జేబులో పెట్టిన. అడుగుదమంటే ఇప్పుడు నోరే లేదు.

ఎనిమిదో రోజు. మధ్యాహ్నం మూడు నలభై. పెద్ద వాన. అక్క అవతలి గేటు దిక్కు ఉంది. నా సెట్ మోగింది. టెంటులో వైర్‌లెస్ కానిస్టేబుల్ ఉంటడు. యాభై దాటిన మనిషి, కండ్లద్దాలకు తాడు కట్టుకుంటడు.

"గేట్ టూ, గేట్ టూ. రద్దీ ఎట్లుంది? రిప్లై."

బటన్ నొక్కిన. నోట్లో నుంచి బుస తప్ప ఏమీ రాలేదు.

"గేట్ టూ, మాట రావట్లేదు. మళ్ళ చెప్పు."

మళ్ళ నొక్కిన. వదిలిన. మళ్ళ నొక్కిన.

"చెల్లె, బాగనే ఉన్నవా? బాగుంటే ఒక్కసారి నొక్కు."

నొక్కలేదు.

వానలో నడుచుకుంటూ వచ్చిండు. నా గడ్డం మీద నుంచి ఉమ్మి కారుతున్నది. తుడుచుకునే ఓపిక లేదు. చేయి పట్టి టెంటులోకి తీసుకపోయి కూర్చోబెట్టిండు. ఆ లొల్లికి ఏఎస్ఐ కూడ వచ్చిండు.

"ఏం మందులు వేసుకున్నవు?" అని అడిగిండు వైర్‌లెసాయన.

జేబులో నుంచి రెండు కవర్లు తీసి ఇచ్చిన. ఒకటి ఖాళీ. ఒకటి నిండుగా. కండ్లద్దాలు పెట్టుకుని చదివిండు.

"ఇది నొప్పి ఉంటెనే. ఇది మూడు పూటలు, ఆపకుండ, తప్పొద్దు." నిండుగా ఉన్న కవరు పైకి ఎత్తిండు. "ఉల్టా వేసుకున్నవు చెల్లె. చీము తగ్గేది దాచి, నొప్పి తగ్గేది తిన్నవు."

"రాసి ఉంది కదమ్మా," అన్నడు ఏఎస్ఐ. "కండ్లు కనపడవా?"

వైర్‌లెసాయన నా ముఖం చూసిండు. నేను ఆయన ముఖం చూసిన. ఆయనకు తెలిసిపోయింది. చేతిలో కవరు వానకు తడిసింది, నిజమే, కాని రాత పోలేదు. బొటనవేలితో ఆ రాత మీద గట్టిగా రుద్దిండు.

"వానకు రాత చెదిరిపోయింది సార్. పాపం ఏం కనపడుతది."

ఏఎస్ఐ జీపు పిలిచిండు. వంతెన మీద జనం. డ్రైవరు హారన్ మీద చేయి తీయలేదు. ఏఎస్ఐ దిగి ముందు నడుస్తూ లాఠీతో దారి చేసిండు. ఐదు నిమిషాల దూరానికి ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. కూర్చుంటేనే ఊపిరి ఆడుతున్నది, వెనక్కి వాలితే ఆగుతున్నది. పిల్లల పేర్లు లోపల అనుకుంటూ పోయిన.

దవాఖానలో దవడ కింద కోసి చీము తీసిన్రు, పైపు పెట్టిన్రు. డాక్టరమ్మ ఏఎస్ఐతో అంటుంటే విన్న. "రేపటి దాకా ఆగి ఉంటే శ్వాస ఆగిపోయేది. చిగురు కింద అన్నం మెతుకు ఇరికి మొదలయ్యే జబ్బు ఇది. ఒక్క వారంలో మెడ దాకా వచ్చింది." పన్ను నాలుగు రోజులకు తీసిన్రు.

నిమజ్జనం ఊరేగింపు రోజు నేను సెలైన్ కింద ఉన్న. కిటికీలో నుంచి డప్పులు వినపడ్డయి.

ఆ మరునాడు ఏఎస్ఐ వచ్చిండు. మంచం పక్కన నిలబడ్డడు, కూర్చోలేదు.

"రిపోర్టు పంపిన. వానకు రాత చెదిరి మందులు తారుమారైనయని రాసిన. వైర్‌లెస్ వాడు సాక్షి సంతకం పెట్టిండు. నీ పేరు మీద ఏం మచ్చ లేదు. తగ్గినంక రా."

దండం పెట్టిన. ఆరేళ్ళ నుంచి ఆ అబద్ధం నా ఒక్కదానిది. ఇప్పుడు దాని కింద ఇంకో ఇద్దరి సంతకాలు ఉన్నయి.

చవితి అయిన పదిహేనో రోజు ఇంటికి వచ్చిన. అత్తమ్మ జావ కాచింది. చిన్నది నా మెడ కట్టు ముట్టి చూసి చేయి తీసేసుకున్నది. నోరు రెండు వేళ్ళు తెరుచుకుంటున్నది.

ఈ తొమ్మిదేళ్ళలో వాన, జీపు, నొప్పి, అన్నీ కొంచెం కొంచెం చెరిగినయి. ఒక్కటి చెరగలేదు. వైర్‌లెసాయన అరచేయి. రుద్దుడుకు చినిగిన కవరులో నుంచి ఎర్ర క్యాప్సూళ్ళు దాంట్లోకి జారినయి. తడికి రంగు దిగి ఆయన చేతి గీతలన్నీ ఎర్రగయినయి. అన్నీ ఉన్నయి, ఒక్కటి తప్ప. కండ్లు మూసుకుంటే ఇప్పటికీ అది కనపడుతది.

దవాఖాన నుంచి ఇంటికి వచ్చిన మరునాడు పొద్దున ఖాకీ వేసుకున్న. పిల్లలు బడికి పోయినంక బస్సెక్కి ఆఫీసుకు పోయిన. పెద్దసారు పదిన్నరకు వచ్చిండు. లోపలికి పోయి సెల్యూట్ కొట్టిన.

"నాకు చదువు రాదు సార్. అప్పుడు అబద్ధం చెప్పిన. కవరు మీద రాత బాగనే ఉండె, నేనే చదవలేకపోయిన. రిపోర్టు రాసిన సార్‌ది, సాక్షి పెట్టినాయనది ఏం తప్పు లేదు."

దవడ నొప్పికి ఒక్కొక్క మాట ఆగి ఆగి వచ్చింది.

"మరి ఇన్నేళ్ళు ఎట్ల చేసినవమ్మా?"

"అందరిని అడిగి సార్. అడిగినట్టు తెల్వకుండ అడిగి."

రాతపని చూసే రైటర్‌ను పిలిచి నేను చెప్పినదంతా రాయించిండు. రాసింది నాకు రెండు సార్లు చదివి వినిపించిన్రు. రైటర్ పెన్ను ఇచ్చి సంతకం పెట్టమన్నడు. నా సంతకం మా ఆయన నేర్పిన బొమ్మ. అక్షరాలు తెల్వకుండ గీసేదాన్ని. పెన్ను బల్ల మీద పెట్టిన. ఇంకు ప్యాడ్ అడిగి, బొటనవేలు ఒత్తిన.