ముప్పై రెండు మిల్లీమీటర్ల సందు

ఏప్రిల్ నెల మూడో మంగళవారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలు. మబ్బు లేదు, గాలి లేదు. కార్వాన్‌లోని మెకానిక్ దుకాణం గోడకు నా సొంత థర్మామీటరు ఆనించి చూస్తే నీడలోనే ముప్పై తొమ్మిది డిగ్రీలు. ఈ సంగతులు ఆనాటి నా నోటుబుక్కులో ఉన్నాయి కనుక ధైర్యంగా రాస్తున్నాను. మిగిలినవాటిలో చాలా భాగం జ్ఞాపకం మీద రాస్తున్నవి. పాఠకులు వాటిని ఆ మేరకే నమ్మవచ్చు.

నేను ముప్పై నాలుగేళ్ళు ఒక ప్రభుత్వరంగ కర్మాగారంలో తనిఖీ విభాగంలో పనిచేశాను. వచ్చిన ప్రతి భాగాన్నీ కొలిచి, కొలత ఒప్పితే ముద్ర వేయడం, ఒప్పకపోతే తిప్పి పంపడం నా ఉద్యోగం. ఎవరి మాట మీదా ఒక్క భాగాన్ని కూడా లోపలికి వదలలేదు. పదవీ విరమణ తరువాత సంతోష్‌నగర్ ఇంట్లో నేనూ, నా చిన్న కూతురూ ఉంటున్నాం. ఆమె భూముల సర్వే చేసే ఒక ప్రైవేటు సంస్థలో ఆరు నెలల ఒప్పందం మీద చేరింది. తెల్లవారగానే మోటారుసైకిల్ మీద ఊరు దాటి వెళ్ళాలి. ఒప్పందంలో ఒక షరతు ఉంది: ఆరు నెలల్లో మూడు ఫీల్డు రోజులు తప్పితే ఉద్యోగం పొడిగించరు. మార్చిలో లారీ చక్రం కింద నుంచి ఎగిరిన కంకర రాయి తగిలి ఆమె బండి రేడియేటర్‌కు చిల్లు పడింది. ఇంజను వేడిని చల్లార్చే నీళ్ళు తిరిగే ఆ పలుచని పెట్టె ముందు చక్రానికి సరిగ్గా వెనుకే ఉంటుంది. రోడ్డు విసిరే రాళ్ళన్నీ దాని మీదికే పోతాయి. అప్పుడు రెండు రోజులు తప్పాయి. గడువు ఏప్రిల్ ఆఖరుతో ముగుస్తుంది. ఇంకొక్క రోజు తప్పితే ఉద్యోగం పోతుంది. రేడియేటర్ ముందు రాళ్ళను ఆపే రేకు గార్డు బిగించాలని నేను నిర్ణయించింది అందుకే.

ఆ మెకానిక్‌కు నలభై ఏళ్ళు దాటి ఉంటాయి. దుకాణంలో స్కేలు లేదు. బోల్టు పొడవును బొటనవేలితో చూస్తాడు, గొలుసు బిగువును కాలితో తొక్కి చూస్తాడు. నా కూతురికి అతని మీద గురి. అన్న అని పిలుస్తుంది. అతను చూపించిన రెడీమేడ్ గార్డు రేడియేటర్‌కు నాలుగు మిల్లీమీటర్ల దూరంలో కూర్చుంటుంది. బలమైన రాయి తగిలితే గార్డే వంగి రేడియేటర్‌ను గుచ్చుతుందని నా లెక్క. అందువల్ల దాన్ని తిరస్కరించి, నా కొలతలతో చార్మినార్ వెనుక ఒక రేకుల పనివాడి దగ్గర స్టీలు గార్డు కోయించాను. అది ఇరవై మిల్లీమీటర్ల ఇనుప బుష్‌ల మీద, అంటే చిన్న గొట్టపు ముక్కల మీద, రేడియేటర్‌కు దూరంగా నిలుస్తుంది. ఆ మంగళవారం దాన్ని పెట్టి చూస్తే గార్డుకూ ముందు మడ్‌గార్డుకూ మధ్య ముప్పై రెండు మిల్లీమీటర్ల సందు మిగిలింది. పదిసార్లు కొలిచాను. పది కొలతల్లో తేడా అర మిల్లీమీటరు దాటలేదు.

మెకానిక్ గొంతుకూర్చుని పక్కనుంచి ఒక్కసారి చూశాడు.

"పెద్దసారూ, గింత ముందుకొస్తే నడవది. బ్రేక్ కొడితే మడ్‌గార్డ్ వచ్చి తాకుతది."

ఎన్ని మిల్లీమీటర్లు వస్తుందని అడిగాను.

"గది నాకెట్ల ఎరుక? వస్తది. అందాజ చెప్తున్న."

అంకె లేని మాటను నేను మాటగా తీసుకోనని చెప్పాను. అతను నా చేతిలోని వెర్నియర్ కాలిపర్ వైపు చూశాడు.

"మీది నిలబడ్డ బండిని కొలిచింది, సారూ. బండి నిలబెట్టనీకి కొన్నరా, ఉరికించనీకి కొన్నరా?"

అక్కడ తమ బండ్ల కోసం ఎదురుచూస్తున్న ఇద్దరు నవ్వారు. మెకానిక్ నన్ను బండి ఎక్కి, ముందు బ్రేకు పట్టి, హ్యాండిల్ మీద బరువంతా వేసి నొక్కమన్నాడు. అరవై ఏడేళ్ళవాణ్ణి, నవ్విన ఆ ఇద్దరి ఎదుట చెక్క గుర్రం మీద పిల్లవాడిలా పైకీ కిందికీ ఊగడానికి నేను ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడంతో ఆగనూ లేదు. స్కేలు లేని దుకాణం గురించి, అతని చేతిలో పాడైన బండ్ల గురించి చాలా అన్నాను. ఆ బండ్ల సంఖ్య నాకు తెలియదు; అయినా అన్నాను. నీ కన్నును ఎవరు తనిఖీ చేశారని కూడా అడిగాను. అతను పానాను గుడ్డతో తుడిచి నా ముందుకు చాపాడు.

"నేను చెయ్యి పెట్ట. మీరే బిగించుకోండ్రి. రేపేమన్న అయితే నా దుకాణం పేరు తియ్యకుండ్రి."

ఆ గల్లీలో ఇది వాడుక అని తరువాత తెలిసింది. పని నచ్చని మెకానిక్ ఆఖరి బోల్టు బిగించడు. ఎవరు బిగిస్తే ఆ పని వాళ్ళది. ఆనాడు ఆ వాడుక తెలిసినా నేను పానా అందుకునేవాణ్ణే. నాలుగు బోల్టులూ నేనే బిగించాను. పన్నెండు గంటల పది నిమిషాలకు అక్కడినుంచి బయలుదేరాను.

ఇంటికి పదకొండు కిలోమీటర్ల రెండు వందల మీటర్లు. చార్మినార్ దారిలో ఆటోలు అడుగు సందు కూడా ఇవ్వలేదు, నేనూ ఎవరికీ ఇవ్వలేదు. వేగం ముప్పై దాటలేదు. పంతొమ్మిదిసార్లు బ్రేకు వేశాను. ఒక్కసారీ తాకలేదు. ఇంటికి చేరగానే ఆ అంకెను రాసుకుని కింద గీత గీశాను. ముప్పై వేగంలో మెల్లగా ఆగే బండి ముందు చక్రాన్ని పట్టి ఉండే స్ప్రింగుల ఫోర్కు దాదాపు కుంగదన్న ఆలోచన నాకు రాలేదు. పంతొమ్మిది కొలతలూ ఒకే తప్పును పంతొమ్మిదిసార్లు చెప్పాయి.

ఆ రోజు కూతురికి ఆఫీసులో కాగితాల పని. బస్సులో వెళ్ళి సాయంత్రం వచ్చింది. గార్డును చూసి, అన్న ఏమన్నాడని అడిగింది. అతను కొలత ఏదీ చెప్పలేదని బదులిచ్చాను. అది నిజం. అతను వద్దన్నాడన్న సంగతి మాత్రం చెప్పలేదు. నోటుబుక్కులోని పేజీ చూపించాను. ఆమె పేజీ వైపు చూసి, సరేనని లోపలికి వెళ్ళింది.

బుధవారం ఆరు గంటల ముప్పై అయిదు నిమిషాలకు ఆమె బయలుదేరింది. ఇంటినుంచి మూడు కిలోమీటర్ల ఆరు వందల మీటర్ల దూరంలో, ముందు పోతున్న ఆటో ఒక మనిషిని ఎక్కించుకోవడానికి ఉన్నట్టుండి ఆగింది. ఆమె ముందు బ్రేకు గట్టిగా పట్టింది. బండి ముందుభాగం కుంగింది, మడ్‌గార్డు వెనక్కి వచ్చి నా గార్డును కొట్టింది, గార్డు కింది అంచు వంగి రేడియేటర్‌లో దిగింది. రేడియేటర్‌లోని పచ్చని కూలెంట్ నీరు రోడ్డు మీద పారింది. ఆమె పడలేదు. నాకు ఫోన్ చేయనూ లేదు; మెకానిక్‌కు చేసింది.

ఏడు గంటల ఇరవై నిమిషాలకు నాకు ఫోన్ చేసింది మెకానిక్.

"బిడ్డ మంచిగనే ఉన్నది. నా స్కూటర్ ఇచ్చి తోలిన. బండి నా తాన ఉన్నది."

అంతే చెప్పి పెట్టేశాడు. నేను చెప్పలేదా అని ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు జవాబు ఉండేది. ఆ ఉదయం నా కోపానికి అతను చోటు కూడా మిగల్చలేదు.

ఆమె ఫీల్డుకు యాభై రెండు నిమిషాలు ఆలస్యంగా చేరింది. దాన్ని తప్పిన రోజు కింద రాయాలా వద్దా అన్నది పై అధికారి సోమవారం చెప్తానన్నాడు. సాయంత్రం ఇంటికి వచ్చి ఆమె హెల్మెట్ తీయకుండానే నా ఎదుట నిలబడింది.

"అన్న ఒద్దన్న సంగతి నాకెందుకు చెప్పలే నాయినా?"

"అంకె చెప్పలేదు కనుక."

"నా నౌకరి గూడ అంకె మీదనే ఉన్నది గదా. ఒక్క రోజు. గా అంకె యాదికి రాలేదా నీకు?"

ఆమె హెల్మెట్ తీసి లోపలికి వెళ్ళింది. నాలుగు రోజులు అన్నం పెట్టేది, పళ్ళెం తీసేది. స్కూటర్ మీద వెళ్ళేది, వచ్చేది.

ఆదివారం కొత్త రేడియేటర్ బిగించే వేళకు పిలవకపోయినా నేను దుకాణానికి వెళ్ళాను. మెకానిక్ నా వైపు చూడలేదు. నేను తిరస్కరించిన ఆ రెడీమేడ్ గార్డునే బిగించాడు. ఎదుటి హోటల్ నుంచి పరోటా పిండి ముద్ద ఒకటి తెప్పించి మడ్‌గార్డు వెనుక భాగానికి అంటించాడు. నా కూతురిని ఎక్కించి, బ్రేకు పట్టించి, తను కూడా హ్యాండిల్ మీద పడి మూడుసార్లు బలంగా నొక్కించాడు. పిండి నలిగింది, తెగలేదు. అతను తల ఊపి పక్కకు జరిగాడు. నేను కాలిపర్ తీసి, నలిగిన చోట పిండి మందం, అంటే బండి కుంగినప్పుడు మిగిలే సందు, కొలిచాను.

"తొమ్మిది," అన్నాను.

"ఏం తొమ్మిది?" అని మెకానిక్ అడిగాడు. జవాబు కోసం ఆగకుండా పక్క బండి దగ్గరికి వెళ్ళిపోయాడు.

అతను చెప్పింది సరైనదని ఇక్కడ రాసి ఒప్పుకుంటున్నాను. దానివల్ల అతని మీద నా కోపం తగ్గలేదు. తప్పు కొలత చెప్పినవాడితో నేను వాదించగలను. కొలవకుండా సరిగ్గా చెప్పేవాడిని ముప్పై నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా భరించలేదు, ఇప్పుడూ భరించలేను. స్కూటర్ ఇచ్చినందుకైనా ఒక మంచి మాట చెప్పమని కూతురు రెండుసార్లు అడిగింది. చెప్పలేదు. ఆ గల్లీలో ఎదురుపడితే అతను నమస్కారం పెట్టడు, నేనూ పెట్టను.

సోమవారం అధికారి నిర్ణయం చెప్పాడు: బుధవారం ఆలస్యమే, గైర్హాజరు కాదు. గడువు ముగిసిన రోజున ఉద్యోగం మరో ఏడాదికి పొడిగించారు. ఆ సాయంత్రం ఆమె హాజరు కాగితాన్ని నా ముందు పెట్టింది. నేను రెండుసార్లు లెక్కించాను. ఆరు నెలల్లో తప్పిన ఫీల్డు రోజులు రెండు. ఆలస్యమైన రోజు ఒకటి, యాభై రెండు నిమిషాలు. నేను చేయించిన గార్డు బండి మీద ప్రయాణించిన దూరం మొత్తం పద్నాలుగు కిలోమీటర్ల ఎనిమిది వందల మీటర్లు.