ముందు సెవి, ఆకర్న నోరు

ఎదురింటి మావయ్య పోయారు. మొన్న గురువారం మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చినవారు మరి లేవలేదు. కబురు చెప్పడానికి అత్తయ్య మా గుమ్మంలోకి వచ్చి, చెప్పలేక, మా అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చుండిపోయారు. అప్పటినుంచి నాకు ఒకచోట కాలు నిలవడం లేదు. పుస్తకం తెరుస్తాను, మూసేస్తాను. కిటికీలోంచి వాళ్ల డాబా వైపు చూస్తాను.

వన్ టౌన్‌లో మా సందు ఎంత ఇరుకంటే, వాళ్లింట్లో పోపు వేస్తే మా ఇంట్లో తుమ్ములు. మావయ్య ఓడల్లో వైర్‌లెస్ ఆపరేటరుగా చేసి, రిటైరయ్యాక డాబా మీది గదిలో సొంతంగా సెట్టు కట్టుకున్నారు. ఇంట్లోంచే దూరదేశాల వాళ్లతో మాట్లాడుకునే, లైసెన్సున్న హామ్ రేడియో. ఏరియల్ తీగ పక్కింటి కొబ్బరిచెట్టు దాకా పోయేది. కాన్వెంటులో చదివే రోజుల్లో ఒకసారి, పుస్తకం అడగడానికి వెళ్లి ఆ గది ముందు ఆగిపోయాను. పెట్టెలోంచి ఎవరో కొలంబోలో వాన పడుతోందని చెబుతున్నారు.

"ఏటమ్మా, గుమ్మంలోనే నిలబడిపోనావు? రా, ఇను," అన్నారు మావయ్య.

చాన్నాళ్లు వినిపించారే కానీ దేన్నీ ముట్టుకోనివ్వలేదు. "ముందు సెవి, తరవాత సెయ్యి, ఆకర్న నోరు" అనేవారు. మోర్స్ చుక్కలూ గీతలూ బల్ల మీద చెంచాతో కొట్టి నేర్పారు. పరీక్ష పాసయ్యాను, నాకూ లైసెన్సు వచ్చింది. చెయ్యి దాకా వచ్చి, నోటి దగ్గర ఆగిపోయాను. మోర్స్ కొట్టే మీట మీద టకటకమని ఎంతసేపైనా కబుర్లాడతాను. మైకు చేతికిస్తే తిరిగి ఆయన చేతిలోనే పెట్టేసేదాన్ని.

ఒకరోజు మావయ్య మాట్లాడి, మైకు స్విచ్ ఆపడం మరిచిపోయారు. కింద నుంచి అత్తయ్య కేక.

"ఇదిగో, ఇనబడతందా? సేపలు సల్లారిపోతన్నాయి! ఆ డబ్బాతోనే కాపురం సేత్తారా ఏటి?"

స్విచ్ ఆపగానే మద్రాసు నుంచి ఒకాయన ఎంతో గంభీరంగా ఇంగ్లీషులో అడిగారు, ఏం చేపలని.

మావయ్య నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నారు. "సూసేవా? లైసెన్సు లేకండా మీ అత్త మద్రాసు దాకా మాటాడీసింది. లైసెన్సున్నదానివి, నువ్వు మూగనోము పట్టేవు." తర్వాత నెమ్మదిగా, "ఓపాలి నీ గొంతు ఈ గాల్లో ఇనాలమ్మా నాను" అన్నారు. ఆ మాట ఇప్పుడు నన్ను కూర్చోనివ్వడం లేదు.

ఆదివారం పొద్దున్న అత్తయ్య నన్ను పిలిపించారు. ప్రతి ఆదివారం హామ్ రేడియో వాళ్లందరూ సెట్ల మీద కలుసుకుంటారు. మద్రాసు ఆయన ఒక్కొక్కరి కాల్ సైన్, అంటే లైసెన్సుతో ఇచ్చిన రేడియో పేరు, పిలుస్తారు; ఉన్నవాళ్లు గొంతుతో పలకాలి. అక్కడ మీట పనికిరాదు.

"ఆయన్ని పిలుత్తారమ్మా," అన్నారు అత్తయ్య. "పలక్కపోతే ఏటైపోనారోనని కంగారు పడతారు. నాకా ఇంగ్లీసు రాదు. నువ్వెల్లి సెప్పీయమ్మా."

పైకి వెళ్లి సెట్టు వేశాను. ఒక్కో పేరుకీ ఒక్కో గొంతు పలుకుతోంది. మావయ్య కాల్ సైన్ వచ్చింది. నా చెయ్యి కదల్లేదు. మద్రాసు ఆయన మళ్లీ పిలిచారు, ఈసారి కొంచెం గట్టిగా. మైకు నొక్కాను. ముందు నా కాల్ సైన్ చెప్పాను. తర్వాత ఇంగ్లీషులో, "ఆయన గురువారం పోయారు. నేను ఎదురింటి అమ్మాయిని. ఆయన దగ్గరే నేర్చుకున్నాను," అన్నాను. నా గొంతు గాల్లోకి వెళ్లింది.

తర్వాత మద్రాసు ఆయన, మావయ్య కోసం ఒక్క నిమిషం ఎవరూ మైకు నొక్కవద్దన్నారు.

ఎవరూ నొక్కలేదు. పెట్టెలోంచి సన్నటి హోరు మాత్రం వస్తోంది. సెట్టు అద్దం వెనక సిగ్నల్ చూపే ముల్లు నిలవలేక, కొద్దికొద్దిగా వణుకుతూనే ఉంది.