పీపాకి రెండు చెంబులు

యెరూషలేములో కుర్దు యూదుల వీధిలో మురాద్‌కి ద్రాక్షరసం కొట్టు ఉండేది. మనిషి మంచివాడే, కాకపోతే ఒట్టి అనుమానపు పీనుగ. పీపాకి రెండు చెంబుల నీళ్ళు కలిపేవాడు. అది ఎవరికీ తెలియదని రోజుకోసారి తనకు తానే చెప్పుకునేవాడు. అంతగా చెప్పుకోవాల్సి వచ్చిందంటే నమ్మకం ఎంతో మీరే ఊహించుకోండి.

ఆవ్ నెలలో, పాత దేవాలయం కూలిన దుఃఖంతో పాటించే ఉపవాస దినానికి ముందు వచ్చే శనివారం, ప్రార్థన మందిరంలో యెషయా ప్రవక్త దర్శనం చదువుతారు. దేశం పాడైపోయింది, ఊళ్ళు తగలబడ్డాయి, దేవుడు తీర్పు తీర్చబోతున్నాడు అని. ఒకరు హీబ్రూలో ఒక్కో వాక్యం చదివితే, ముసలి షాబో దాన్ని అందరికీ అర్థమయ్యేలా ఇంటిభాషలో చెప్పాలి. ఆయన చెప్పేదాకా చదివేవాడు ముందుకు పోకూడదు. ఏటా ఒక్కచోట షాబో దగ్గేవాడు: “మీ వెండి మడ్డిగా మారింది, మీ ద్రాక్షరసంలో నీళ్ళు కలిశాయి” అనే చోట. ఆ దగ్గు తనకోసమేనని మురాద్ అనుమానం.

“నువ్వే చెప్పుంటావు,” అన్నాడు భార్య నాజెతో.

“నేను చెప్పాలా? నీ మొహం చూస్తే చాలదూ?” అంది ఆవిడ గోధుమలు ఏరుతూ.

ఆవ్ నెల పుడితే ఆ దుఃఖదినం దాటేదాకా ద్రాక్షరసం ఎవరూ ముట్టరు. అందుకే ముందురోజే, నీళ్ళు తగలని సీసా ఒకటి పట్టుకుని షాబో ఇంటికి వెళ్ళాడు.

“మామా, ఈసారి ఆ దర్శనం కాస్త గబగబా కానిచ్చెయ్. పెద్దవాళ్ళు కూర్చోలేకపోతున్నారు.”

షాబో ఓ గుక్క తాగి మొహం చిట్లించాడు. “ఇదెవరి సరుకు మురాదూ? మరీ ఘాటుగా ఉంది. నీదైతే మెత్తగా దిగుతుంది. ఇరవై ఏళ్ళుగా తాగుతున్నా, నాకు తెలీదా?”

“ఇదీ నాదే.”

“మరి రోజూ అమ్మేది...” షాబో గ్లాసు కింద పెట్టాడు.

“తెలియకపోతే ఏటా అక్కడే ఎందుకు దగ్గుతావు?”

“గొంతు ఎండిపోతుంది నాయనా. అప్పటికే ఇరవై వాక్యాలు అరిచుంటాను.”

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది. ముసలాడు అందరి ముందూ పరువు తీస్తాడని మురాద్ శనివారం దాకా కుమిలిపోయాడు.

శనివారం ఆ వాక్యం రానే వచ్చింది. షాబో ఈసారి దగ్గలేదు. నోరు తెరిచి, మురాద్ వైపు చూసి, తల దించుకున్నాడు. మాట రాలేదు. చదివేవాడు ఆగిపోయాడు. అందరికీ కంఠతా వచ్చిన వాక్యమే. ఎవరి కోసం మింగేశాడా అని ఒక్కొక్క తలే ఆ చూపు వెంట తిరిగింది. తిట్టి ఉంటే మురాద్‌కి ఇంత సిగ్గు వేసేది కాదు.

లేచి నిలబడ్డాడు.

“మీ వెండి మడ్డిగా మారింది,” అన్నాడు ఇంటిభాషలో. “మా కొట్టు ద్రాక్షరసంలో నీళ్ళు కలిశాయి. పీపాకి రెండు చెంబులు.”

చెంబుల సంగతి ప్రవక్త చెప్పలేదు. అయినా షాబో సరిదిద్దలేదు. చదివేవాడు తరువాతి వాక్యం అందుకున్నాడు.