పైవీధి బోరు, కిందివీధి నీళ్ళు

చిన్నవెంకటమ్మ పుట్టింది బూదికోటలో. పెళ్ళయి వచ్చింది ముళబాగిలు తాలూకాలో, బైరకూరు దాటాక తగిలే ఒక చిన్న ఊరికి. ఆ ఊళ్ళో ఆమెకు సభమ్మ అని ఇంకో పేరుంది. మొదట్లో ఎగతాళికి పెట్టిన పేరే. పిలవగా పిలవగా అందులో ఎగతాళి అరిగిపోయి పేరొక్కటే మిగిలింది.

కొడుకు మునిశంకర్ చంకలో ఉన్న రోజుల్లో ఆమె మొదటిసారి గ్రామసభకు పోయింది. మగవాళ్ళ వెనక నిలబడి, మా వీధిలో దీపం లేదు అని ఒక్క మాట అంది. ఎవరో కిసుక్కున నవ్వారు. కానీ కొన్నాళ్ళకు స్తంభానికి దీపం పడింది. ఆ దీపం వల్లనో, ఆ నవ్వు వల్లనో, అప్పటినుంచి ఆమె ఒక్క సభ కూడా మానలేదు. మురుగు పోయే మోరీల గురించి అడిగింది, అంగన్‌వాడీ గురించి అడిగింది, అడిగిందే మళ్ళీ అడిగింది. సగం జరిగాయి, సగం జరగలేదు. ఇప్పుడు ఆమెకు అరవై దగ్గర పడుతున్నాయి. రెండు ఆవులు, ఎకరం మల్బరీ తోట, మోకాళ్ళ నొప్పులు. భర్త పిల్లప్పకు ఆయాసం. సంసారం చాలావరకు కోడలు ప్రేమ చేతికి వచ్చింది. సభకు పోయే పని మాత్రం ఎవరూ తీసుకోలేదు.

ఆ ఎండాకాలం ఊరి బోర్లు రెండూ ఎండిపోయాయి. ట్యాంకరు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. పంచాయతీ వాళ్ళు కొత్త బోరు ఒకటి వేస్తామన్నారు. ఒకటే. అది పైవీధిలో వేయాలా, కిందివీధిలో వేయాలా అన్నది గ్రామసభలో తేలాలి. అయితే సభకు ఇంతమంది రావాలని లెక్క ఉంది. పోయినసారి చాలినంత జనం రాక సభ వాయిదా పడింది. ఈసారీ అట్లాగే పడితే బోరు ఇంకో ఊరికి పోతుందని పంచాయతీ అధికారి చెప్పి వెళ్ళాడు.

అదృష్టం కొద్దీ ఇంట్లో పట్టుపురుగులు పొర విడిచే నాలుగో జ్వరంలో ఉన్నాయి. జ్వరంలో ఉన్న పురుగు ఆకు ముట్టదు, మేపే పని ఉండదు. ఆ వెసులుబాటులో చిన్నవెంకటమ్మ ఇల్లిల్లూ తిరిగింది. తనుండే పైవీధి వాళ్ళు సరే అన్నారు. కిందివీధిలో తాయమ్మ మాత్రం చీపురు కింద పెట్టకుండానే, రాలేనని చెప్పేసింది. తాయమ్మ టమాటా తోటల్లో కూలికి పోతుంది. ఆ వీధి ఆడవాళ్ళు ఆమె మాట వింటారు.

“వచ్చి ఏం చేసేదమ్మా? ఒక దినం కూలి పోతాది, అంతే.”

“ఆడ సభలో అందరి చెయ్యీ ఒకటే లెక్క తాయమ్మా,” అంది చిన్నవెంకటమ్మ. “నువ్వొచ్చి నీ కష్టం చెప్పు. విననంటారా?”

ఆ మాట ఆమె నమ్మే అంది. అన్నేళ్ళుగా ఆమెను సభ జరిగే బడి మైదానానికి నడిపించిన మాట అదే.

సభ రోజు బడి ముందర షామియానా వేశారు. అది పెద్దమనుషుల కుర్చీలకే సరిపోయింది, మిగతా జనమంతా ఎండలోనే కూర్చున్నారు. సభ నడిపించడానికి పైనుంచి పంపిన అధికారి పశువుల డాక్టరు. సభ మొదలయ్యేలోపల ఆయన్ను పదిమంది తమ ఆవుల గురించి అడిగేశారు. తాయమ్మ వచ్చింది. వెంట కిందివీధి ఆడవాళ్ళు కూడా వచ్చారు. వాళ్ళను చూసి చిన్నవెంకటమ్మకు కడుపు చల్లబడింది.

బోరు సంగతి వచ్చేసరికి పైవీధి వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు లేచారు. పశువులున్నది పైవీధిలో, పాలు పోసేది పైవీధి, అందుకని బోరు అక్కడే పడాలన్నారు. చిన్నవెంకటమ్మ కూడా ఆ మాటే చెప్పాలని వచ్చింది. తన వంతుకు ఇంకా ఇద్దరున్నారనగా తాయమ్మ లేచింది.

ట్యాంకరు ముందు పైవీధిలో నిలుస్తుందని, తమ దాకా వచ్చేసరికి అడుగున మురికి మిగులుతుందని, ఆ నీళ్ళకోసం పిల్లలు బడి మాని బిందెలు పట్టుకుని నిలబడతారని ఆమె నెమ్మదిగా చెప్పుకొచ్చింది. చెప్పి కూర్చోబోయి, మళ్ళీ నిలబడింది.

“మీ ఇండ్లు జాస్తి, మీ చేతులు జాస్తి. ఎప్పుడు లెక్కబెట్టినా మీరే గెలుస్తారు. ఇంగ మమ్మల్ని పిలిచేది ఎందుకు?”

డాక్టరు పుస్తకం తెరిచి, పైవీధి అనేవాళ్ళు చేతులెత్తండి అన్నాడు. మైదానంలో సగానికి పైగా చేతులు లేచాయి. మునిశంకర్ చెయ్యి లేచింది. ప్రేమ చెయ్యి లేచింది. చిన్నవెంకటమ్మ చేతులు ఒళ్ళోనే ఉండిపోయాయి. కిందివీధి అన్నప్పుడు ఆమె చెయ్యెత్తింది. ఆ చెయ్యి బరువుగా ఉందని, దాన్ని ఇంకో చేత్తో పట్టుకోవలసి వచ్చిందని తర్వాత పిల్లప్పతో చెప్పుకుంది. ఆమెను చూసి పైవీధిలో ఇంకో ముగ్గురు నలుగురు ఎత్తారు. చాలలేదు. బోరు పైవీధికే పోయింది.

జనం లేచి గుడ్డలు దులుపుకుంటున్నారు. చిన్నవెంకటమ్మ మోకాలు పట్టుకుని నిలబడింది.

“సార్, ఇంకొక మాట ఉండాది. నీళ్ళు పడితే కిందివీధి ట్యాంకుకు పైపు వెయ్యాల. అది కూడా ఇప్పుడే తీర్మానం చెయ్యండి.”

ఎండ నెత్తిమీదికి వచ్చేసింది. గెలిచినవాళ్ళకు వాదించే ఓపిక లేదు. అట్లాగే కానివ్వండి అన్నారు. తీర్మానం అయిపోయింది.

ఇంటికి పోయాక మునిశంకర్ తల్లితో రెండు రోజులు సరిగా మాట్లాడలేదు. మూడో రోజు, ఊరంతా ఒక పక్కన ఉంటే నువ్వొక్కతే ఇంకో పక్కన ఏమమ్మా అని అడిగాడు. తాయమ్మను నేనే పిలుచుకొస్తినప్పా, అంది చిన్నవెంకటమ్మ. పాల డెయిరీలో వరసలో నిలబడితే అటూ ఇటూ ఉన్న ఆడవాళ్ళు మాట మింగి తప్పుకునేవాళ్ళు.

బోరు చిన్నవెంకటమ్మ ఇంటి ఎదురుగానే వేశారు. చాలా లోతుకు పోయాక నీళ్ళు పడ్డాయి. రాతిపొడి బురద ఎగిరి వాకిలంతా తెల్లబడింది. వద్దన్న బోరు నీళ్ళే తన ఆవులు ముందుగా తాగాయి. ఆవులకేం తెలుసు, తాగనీ అనుకుంది. తను మాత్రం మొదటి బిందె ముంచుకునేటప్పుడు కిందివీధి వైపు చూడలేకపోయింది.

తర్వాత పైపు పని మొదలైంది. మొదలైంది ఆమెకే, పంచాయతీకి కాదు. పాలు పోసి, ఆకు కోసి, బస్సెక్కి ఆఫీసుకు పోవడం, సార్ లేడంటే తిరిగి రావడం. ఒకసారి పైపులకు మంజూరు కాలేదన్నారు. ఒకసారి మంజూరైంది, పైపులు రాలేదన్నారు. పైపులు వచ్చి బడి గోడ పక్కన ఒక వానాకాలమంతా పడున్నాయి. అధికారి బదిలీ అయ్యాడు. కొత్తాయనకు మొదటినుంచీ చెప్పుకురావలసి వచ్చింది. చెప్పీ చెప్పీ ఆ కథ ఆమె నోట్లో రుచీ పచీ లేకుండా అయిపోయింది. కోపం కూడా అలిసిపోయింది. మానేయాలని చాలాసార్లు అనుకుంది. కానీ పొద్దున లేస్తే వాకిట్లో ఆ బోరే కనిపించేది. చూసీ చూసీ చివరికి మునిశంకరే, నువ్వు బస్సులో పోవద్దులేమ్మా అని బండి మీద తీసుకుపోవడం మొదలుపెట్టాడు.

మళ్ళీ ఎండలు ముదిరే వేళకు కాలువ తవ్వారు. పైపు వేశారు. కిందివీధి ట్యాంకులో నీళ్ళు పడిన పొద్దున చిన్నవెంకటమ్మ చూడటానికి పోయింది. కుళాయి దగ్గర తాయమ్మ బిందె కడుగుతోంది.

“మీరిచ్చినారని నేను చెప్పనమ్మా,” అంది తాయమ్మ ఆమెను చూసి. “ఇవి మా నీళ్ళే. ఆలస్యంగా వచ్చినాయి.”

“అవునే. మీవే,” అంది చిన్నవెంకటమ్మ.

తాయమ్మ బిందె పక్కకు జరిపి అరుగు చూపించింది. ఆమె కూర్చుంది. చెంబుతో నీళ్ళిస్తే తాగింది. వచ్చే సభకు వస్తావా అని అడగాలనిపించింది గానీ నోరు రాలేదు. కుళాయి కింద పెట్టిన బిందె నిండేదాకా ఇద్దరూ నీళ్ళ చప్పుడు వింటూ కూర్చున్నారు.

ఆ మధ్యాహ్నం చిన్నవెంకటమ్మ నడవలో చాప వేసుకుని పడుకుంది. పగటిపూట నడుం వాల్చే అలవాటు ఆమెకు ఎప్పుడూ లేదు. ఆవు అరిచింది, లేవలేదు. పాల వేళ అయింది, లేవలేదు. ఒంట్లో బాగాలేదేమోనని ప్రేమ నుదురు తాకి చూసింది. జ్వరం లేదు, మంచి నిద్రలో ఉంది. లేపకుండా తనే పాలు పితికి, క్యాను తీసుకుని డెయిరీకి బయల్దేరింది.