చేదు మజ్జిగ

ఈ ఉదయం అక్క ఇచ్చిన మజ్జిగ చేదుగా ఉంది. నిమ్మాకు వాసన ముక్కుకు తగిలింది. గుక్క గొంతు దిగకముందే నా మనసు పాత దారి పట్టింది. గ్లాసు కింద పెట్టి విజయకుమారి మేడమ్ గారిని తలుచుకున్నాను. భయం వేస్తే కొందరు దేవుణ్ణి తలుచుకుంటారు, నాకు ఆవిడ గుర్తుకొస్తారు.

ఆవిడ రాజమండ్రిలో ఒక మానసిక వైద్యశాలలో సైకాలజిస్టు. లేని గొంతులు వినిపించేవాళ్ళనీ, అయినవాళ్ళే తమకు కీడు తలపెడుతున్నారని నమ్మేవాళ్ళనీ వారానికోసారి కూర్చోబెట్టి, ఆలోచించే తీరు మీద క్లాసు చెప్పేవారు. నేను రెండో రకం. అమ్మా నాన్నా పోయాక నన్ను పెంచిన అక్కే నాకు విషం పెడుతోందని నా గట్టి నమ్మకం. డాక్టరు రాసిన మాత్రలు మానేశాను. ఇంట్లో అరటిపండు తప్ప ఏదీ ముట్టేవాణ్ణి కాదు. దానికైతే తొక్క నేనే తీసుకుంటాను కదా. ఎండకు తట్టుకోలేక మజ్జిగ మాత్రం తాగేవాణ్ణి. అడుగుకు వచ్చేసరికి నాలుకకు చేదు తగిలేది. అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? అయినా అక్క బతిమాలి, సామర్లకోట నుంచి రైల్లో నన్ను క్లాసుకు తీసుకొచ్చేది.

మేడమ్ గారు ఒక ఫొటో మీద తువ్వాలు కప్పి, కొంచెం కొంచెంగా లాగుతూ అదేమిటో చెప్పమనేవారు. మొదటిరోజు ఒక వంపు కనబడగానే "చర్చి గుమ్మం" అనేశాను.

"ఎంత నమ్మకం అండి?"

"నూటికి నూరు."

"ఇంకేమై ఉండొచ్చు?"

నాకు చిరాకేసింది. తువ్వాలు జారింది. గోదావరి మీది వంతెన కమాను! "నేనైతే మొదటిసారి ఏనుగు వీపనుకున్నానండి" అని ఆవిడే ముందు నవ్వారు. క్లాసంతా ‘ఇంకేమై ఉండొచ్చు?’ అనే ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగేది.

ఒకరోజు, ఇక ఇంటికి వెళ్ళకూడదని నిశ్చయించుకునే క్లాసుకు వచ్చాను. అయిపోగానే అక్క కన్నుగప్పి, దొరికిన రైలెక్కేయడమే. ఉండబట్టలేక మజ్జిగ సంగతి అందరి ముందూ చెప్పేశాను. మేడమ్ గారు మెత్తగా, "అలా అనిపించడం జబ్బు లక్షణమేనండి, దాని గురించి మాట్లాడుకుందాం" అన్నారు.

తుని నుంచి వచ్చే సత్తిబాబు గారు చెయ్యెత్తారు. ఆయనా నాలాంటి రోగే. "మేడమ్ గారండి, ఇంకేమై ఉండొచ్చో మీరు అడగలేదండి. మా అమ్మ నాకు పప్పులో మాత్ర నూరి కలిపేదండి, ఆయ్. ఈయనకీ అంతేనేమో."

అందరం ఆవిడ వంక చూశాం.

"నిజమేనండి. తువ్వాలు తియ్యకుండానే చెప్పేశాను" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "మీ అక్కగారినే అడుగుదామా? మీరే అడగండి. నేను పక్కన కూర్చుంటాను" అన్నారు.

వరండాలో ఉన్న అక్కను పిలిచారు. అడిగాను. అక్క పమిట చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. "చెబితే మాత్ర వేసుకోవు కదరా. నువ్వు మళ్ళీ మామూలుగా అన్నం తింటే చాలనుకున్నాను."

మేడమ్ గారు ఆమెను ఒక్క మాటా అనలేదు. "ఇకనుంచి చూపించి ఇవ్వండి. వద్దంటే నాతో చెప్పండి" అన్నారంతే. నాతో మాత్రం, "మీ నాలుక అబద్ధం చెప్పలేదండి. కారణం దగ్గరే తొందరపడ్డారు. ఇవాళ నేనూ అంతే" అన్నారు.

అంత చదువుకున్న మనిషి పదిమందిలో తన పొరపాటు ఒప్పుకోవడం చూశాక నాకు ఏడుపొచ్చింది. నా బుర్ర చెడిపోయిందనే అనుకునేవాణ్ణి. అందరి బుర్రా తొందరపడుతుందనీ, నాది కాస్త ఎక్కువనీ ఆ రోజు నమ్మకం కుదిరింది. సాయంత్రం అక్కతోనే ఇంటికి వెళ్ళాను. మాత్రలు నా చేత్తో వేసుకోవడానికి ఇంకా చాలాకాలం పట్టింది, ఆ గొడవలు వేరే.

మేడమ్ గారు కాలం చేశారు. జబ్బు నన్ను పూర్తిగా వదల్లేదు. ఇవాళ కూడా ముందు వచ్చింది ఆ పాత అనుమానమే. ఆవిడ ప్రశ్న దాని వెనకే వచ్చింది.

"అక్కా, మజ్జిగ చేదుగా ఉందేంటి?"

అక్క గ్లాసు తీసుకుని ఒక గుక్క తాగి మొహం చిట్లించింది. "నిమ్మాకు మరీ నలిపేశానురా. పారబొయ్యనా?"

"వద్దులే."

డబ్బాలోంచి నా మాత్ర నేనే తీసుకుని, ఆ చేదు మజ్జిగతోనే మింగాను. మిగిలింది అక్క తాగింది.