నాకు తప్ప అందరికీ వినిపించిన గోడ

దెయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. ఆ మాటకొస్తే మనుషుల మీదే అంతంత మాత్రం. హాస్టల్లో చదువుకునే రోజుల్లో అందరూ భయపడే చివరి గదిని, కిటికీ బాగుందని నేనే అడిగి మరీ తీసుకున్నాను. కాబట్టి ఇది చదివి ఈవిడది పిరికి గుండె అనుకోకండి. జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

మాది విజయవాడ సత్యనారాయణపురంలో పాత ఇల్లు. మా అత్తగారు చివరి రోజుల్లో పక్షవాతంతో మంచాన పడ్డారు. మాట పోయింది. హాల్లో గోడ పక్కన మంచం వేశాం. ఏదైనా కావాలంటే చేతికున్న బంగారు గాజులతో గోడ మీద కొట్టేవారు. టక్ టక్ అని రెండు, కాస్త ఆగి ఇంకొకటి. వంటింట్లో ఉన్నా పెరట్లో ఉన్నా నాకు వినిపించేది. చేతిలో పని వదిలేసి వెళ్ళేదాన్ని. కొట్టీ కొట్టీ ఆ చోట గోడ పెచ్చులూడి చిన్న గుంట పడింది.

ఆవిడ పోయాక పెద్దకర్మ రోజున ఆ గాజులు మా తోటికోడలికి ఇచ్చారు. అవి పెద్ద కోడలికే చెందాలని అత్తగారు బాగున్న రోజుల్లోనే అందరి ముందూ చెప్పారట. తోటికోడలిని నేను అక్కా అంటాను. వాళ్ళది పోరంకిలో కొత్త ఫ్లాట్. పండక్కో పబ్బానికో వచ్చి, అత్తగారి తల నిమిరి, కమలాపళ్ళు పెట్టి వెళ్ళేది. చాకిరీ నాది, గాజులు ఆవిడవి. నాకు కడుపు మండిపోయింది.

అది చాలదన్నట్టు కొన్నాళ్ళకే వాళ్ళ హాలు గోడలకంతా ప్యానెళ్ళు వేయించింది. నేల నుంచి సీలింగ్ దాకా టేకు రంగు గీతలు, మధ్యలో సన్నటి లైట్లు. అవి చూసి ఇంటికొచ్చి మా గోడనీ ఆ గుంటనీ చూసుకుంటే నాకు అన్నం సహించలేదు.

మా ఇళ్ళల్లో సంవత్సరీకం అయ్యేదాకా కొత్తగా ఇంటి పనులేవీ మొదలుపెట్టరు. అక్కవాళ్ళది అత్తగారు పోకముందే మొదలైన పని కాబట్టి తప్పు లేదట. మావారు ఆ సంగతి గుర్తుచేస్తే, "మనం గోడ కొట్టట్లేదు, తవ్వట్లేదు. మీద అంటిస్తున్నాం, అంతేగా" అని వాదించాను.

"పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్నట్టుంది" అన్నారాయన. అంటూనే బయల్దేరారు.

వన్ టౌన్‌లో షాపులన్నీ తిరిగి, అక్కవాళ్ళ రంగుకు దగ్గరగా ఉన్న పీవీసీ ప్యానెళ్ళు ఏరి తీసుకున్నాం. అవి ఆటోలోంచి బయటికి పొడుచుకొస్తుంటే దారంతా చేత్తో పట్టుకు కూర్చున్నాను. గోడంతటికీ కొనే స్తోమత లేక, మంచం ఉన్న మేర ఛాతీ ఎత్తు వరకే అనుకున్నాం. చెక్క ఫ్రేమ్ లేకుండా నేరుగా గోడకే అంటిస్తే ఖర్చు కలిసొస్తుందని షాపువాళ్ళు చెప్పారు. గుంటలో లప్పం పెట్టి, ఆరాక మేమిద్దరమే గమ్‌తో అంటించాం. అంటించాక వేలితో కొట్టి చూసుకోవాలి. డొల్ల మోత వస్తే గమ్ పట్టనట్టు. మాకు ఎక్కడా డొల్ల రాలేదు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ ప్యానెళ్ళ వెనక ఎలుక కాదు గదా, బొద్దింక దూరే సందు కూడా లేదు.

మొదట విన్నది మావారు. ఒక ఆదివారం భోజనాలయ్యాక పేపర్ చదువుతూ తలెత్తి, "ఏంటి, ఏమైనా కొడుతున్నావా?" అన్నారు. నేను ఆయన ఎదురుగానే కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. ఎండకు ప్లాస్టిక్ సాగి చప్పుడు చేస్తుందిలే అని ఆయనే సర్దిచెప్పుకున్నారు. బెజవాడ ఎండలు అలాంటివే కాబట్టి నేనూ సరే అనుకున్నాను. కానీ ముసురు పట్టిన రోజుల్లోనూ ఆయనకు వినిపించింది. గోడ అవతల మా ప్రహరీ లోపలి ఖాళీ సందు. అక్కడికి వెళ్ళి నిలబడి చూసొచ్చారు. ఎవరూ లేరు.

తర్వాత విన్నది పనిమనిషి. మా అత్తగారు పోయాకే ఆమె మా ఇంట్లో చేరింది. ఆవిడ సంగతులేవీ తెలియవు. హాలు ఊడుస్తూ ఆగి, "అమ్మగారూ, గోడలోంచి ఎవరో పిలుస్తన్నట్టుందండీ" అంది. ఎలా వినిపించిందని అడిగితే చీపురు పక్కన పెట్టి నేల మీద వేలితో కొట్టి చూపించింది. రెండు, కాస్త ఆగి ఇంకొకటి.

నాకు భయం వేయలేదు, ఉక్రోషం వచ్చింది. ఆమె విన్నప్పుడు నేనూ ఆ గదిలోనే ఉన్నాను. నాకేమీ వినిపించలేదు. డాక్టర్ దగ్గరికి వెళ్ళి చెవులు పరీక్ష చేయించుకుంటే భేషుగ్గా ఉన్నాయన్నారు. మధ్యాహ్నాలు పని మానుకుని ప్యానెల్‌కు చెవి ఆనించి కూర్చునేదాన్ని. గమ్ వాసన తప్ప ఏమీ లేదు. నిన్నగాక మొన్న వచ్చిన పనిమనిషికి వినిపిస్తుంది, నాకు వినిపించదు. గాజులు పోతే పోయాయి, ఆ పిలుపు కూడా నాది కాకుండా పోయిందా అని కుమిలిపోయాను.

సంవత్సరీకం ఏర్పాట్లు మాట్లాడుకోవడానికి ఒకరోజు అక్క వచ్చింది. ఇద్దరం హాల్లో కూర్చుని కాఫీ తాగుతున్నాం. ఆవిడ చేతికి అవే గాజులు. చప్పుడు సంగతి నేను చెప్పలేదు. చెబితే అదీ పట్టుకుపోతుందని నా బాధ. ఉన్నట్టుండి అక్క గ్లాసు కింద పెట్టింది. గోడ వైపు తిరిగింది. గాజులున్న చెయ్యి ఒళ్ళో కదలకుండా ఉండటం నేను చూశాను.

"అత్తయ్యగారు" అంది. "వెళ్ళు, నిన్ను పిలుస్తున్నారు."

"నన్నేనని నీకెలా తెలుసు? విన్నది నువ్వు కదా, నువ్వే వెళ్ళు" అన్నాను. నా గొంతులో ఎంత కుళ్ళుందో నాకే తెలిసింది.

"నన్నెప్పుడైనా అలా పిలిచారా?" అంది అక్క. "నేను మంచినీళ్ళు పట్టబోతే నోరు బిగించేసేవారు. నువ్వొచ్చేదాకా దాహంతోనే ఉండేవారు. పెద్ద కోడలికి ఇవ్వాలి కాబట్టి గాజులిచ్చారు. దానికే నువ్వు ఏడుస్తున్నావు. నిన్ను చూస్తే నాకెంత మంటగా ఉండేదో నీకేం తెలుసు?"

నేను లేచి, మంచం ఉండే చోటికి వెళ్ళాను. నాకు ఏ చప్పుడూ వినిపించలేదు. అయినా పాత అలవాటుగా వంగి, "ఏం కావాలి అత్తయ్యగారూ" అన్నాను.

"ఆగిపోయింది" అంది అక్క వెనక నుంచి.

ఆ తర్వాత మళ్ళీ ఎవరికీ వినిపించలేదు. ఏడాది తిరక్కుండా గోడ ముట్టుకున్నందుకే అలా జరిగిందని తెలిసినవాళ్ళు అన్నారు. అంతా మన మనసుల్లో ఉన్న చప్పుడే అంటారు మావారు. మరి అత్తగారిని చూడనైనా చూడని పనిమనిషి మనసులోకి అదెలా వచ్చిందంటే ఆయన పేపర్ విప్పుకుంటారు.

గాజుల మీద ఇప్పుడు నాకు కన్ను లేదు. కానీ పిలిచింది నన్నేనట, విన్నది మాత్రం వాళ్ళందరూ. ఒక్కసారి నా చెవిన పడి ఆగిపోతే ఏం పోయేది? ఆ ముగ్గురిలో ఎవరిని చూసినా నాకిప్పటికీ కుళ్ళుగానే ఉంటుంది.